వానలో 250 న్యూటన్ మీటర్లు

ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్ జీటీలోని 1.5 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. హ్యుందాయ్ వెర్నా టర్బోది 253. హ్యుందాయ్ క్రెటా డీజిల్‌ది మళ్లీ 250. స్పోర్ట్స్ కార్ల ముచ్చట మనకెందుకు, మనది ఫ్యామిలీ బండి అనుకునేవాళ్లు ఈ మూడో అంకెను ఇంకోసారి చూడాలి. ఖమ్మం జిల్లా సత్తుపల్లిలోనో వేంసూరులోనో ఇంటి ముందు ఆగి ఉన్న డీజిల్ ఎస్‌యూవీలో ఉన్నదీ టర్బోనే. ఫార్చ్యూనర్ డీజిల్ ఆటోమేటిక్ అయితే ఏకంగా 500. అందులో 4x2 రకం కొంటే ఆ బలమంతా వెనక చక్రాలకే పోతుంది. అంచేత ఇక్కడ వేసే లెక్క ఎర్ర రంగు, కింద కూర్చున్న రెండు తలుపుల కార్లకే పరిమితం కాదు.

ఆ 250 ఎంత అన్నదాని కన్నా ఎప్పుడు వస్తుందన్నదే వానలో అసలు సంగతి. ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న ఫంకాను తిప్పుతుంది. దాంతోపాటే తిరిగే మరో ఫంకా గాలిని కుదించి ఇంజిన్లోకి నెడుతుంది. చిన్న కార్ల టర్బో నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరగగలదు. కానీ ఆ వేగం అందుకోవడానికి దానికి కాస్త సమయం కావాలి. 1,300 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ముందు పెద్దగా ఏమీ జరగదు. 'పికప్ లేదేంటి' అని ఇంకొంచెం తొక్కుతాం. 1,500 దాటగానే టర్బో అందుకుంటుంది. అప్పటిదాకా సగం బలంతో నడుస్తున్న ఇంజిన్ సెకను అటూ ఇటూగా పూర్తి బలానికి ఎగబాకుతుంది. మన కాలు మాత్రం ఇందాక తొక్కినచోటే ఉంటుంది.

ఈ గుణం కొత్తది కాదు. 1975లో పోర్షా అమ్మకానికి తెచ్చిన 911 టర్బోలో 3 లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్. ఇంజిన్ వెనక చక్రాలకూ వెనకాల వేలాడుతూ ఉండేది. మలుపు మధ్యలో టర్బో అందుకోవడం, డ్రైవరు కంగారుపడి కాలు తీసేయడం, వెనక భాగం ముందుకు తిరిగి రావడం. ఆ కారుకొచ్చిన చెడ్డపేరంతా ఈ వరసలోనే ఉంది. నేటి కార్లలో ఆ ఆలస్యం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి 1,300 కిలోల కారు, ముందు చక్రాలతో నడిచేది. బరువులో 60 శాతం, అంటే 780 కిలోలు ముందు చక్రాల మీద ఉంటాయి. పొడి తారు రోడ్డు మీద టైరు పట్టు ఆ బరువులో 80 శాతం దాకా ఉండొచ్చు. అంటే 620 కిలోల లాగుడు తట్టుకుంటుంది. తడిసిన రోడ్డు మీద 45 శాతం అనుకుంటే మిగిలేది 350 కిలోలు. మన దగ్గరున్న సొమ్ము ఇంతే.

ఖర్చు సంగతి చూద్దాం. 250 టార్క్ గేరు పళ్ల గుండా చక్రం చేరేసరికి, మామూలు గేరు నిష్పత్తులతో స్థూలంగా రెండో గేరులో 590 కిలోల తోపు అవుతుంది. మూడో గేరులో 385. నాలుగో గేరులో 280. పొడి రోడ్డు మీద మూడూ 620 లోపలే. తడి రోడ్డు మీద రెండో గేరు, మూడో గేరు రెండూ 350 దాటిపోయాయి. నాలుగోది ఒక్కటే బతికింది.

ఇంకో సంగతి. టర్బో ఇంకా అందుకోక సగం బలం మీదున్నప్పుడు రెండో గేరు తోపు 295 కిలోలే. అది 350 లోపలే కాబట్టి చక్రం జారదు. డ్రైవరుకు ధైర్యం వస్తుంది. తర్వాతి సెకనులోనే అది 590 అవుతుంది. అదేదో నూట ఇరవై స్పీడులో జరిగేది కూడా కాదు. 1,500 నుంచి 3,500 ఆర్పీఎం మధ్య రెండో గేరులో కారు వేగం సుమారు 22 నుంచి 51 కిలోమీటర్లు, మూడో గేరులో 34 నుంచి 79. ఊరి మలుపు తిరిగి ట్రాక్టరును దాటేసే వేగాలివే. వానలో టర్బో కారు హైవే మీదే ప్రమాదమనుకోవడం పొరపాటని నేననేది అందుకే.

మలుపులో లెక్క ఇంకా బిగుసుకుంటుంది. 60 మీటర్ల వ్యాసార్థమున్న మలుపు, వేగం 50. ముందు చక్రాలు కారును తిప్పడానికే దాదాపు 260 కిలోల పట్టు కావాలి. లాగడానికీ తిప్పడానికీ టైరుకు ఉన్నది ఒకే పద్దు. అయితే ఈ రెండు బలాలూ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పనిచేస్తాయి కాబట్టి మామూలు తీసివేత పనికిరాదు, వర్గాల లెక్క వేయాలి. మొత్తం 350లో 200 లాగుడుకు పోతే తిప్పడానికి 287 మిగులుతుంది. మలుపు తిరుగుతుంది. లాగుడు 300కు పెరిగితే మిగిలేది 180. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగా రోడ్డు దిగి పొలంలోకి పోతుంది. ఆ 200కూ 300కూ తేడా కాలి కింద ఒక అంగుళం కూడా ఉండదు.

తడి రోడ్డుకు 45 శాతం అని వేసుకున్నది శుభ్రమైన తారు రోడ్డు లెక్క. వేంసూరు వైపు అలాంటి రోడ్డు వానాకాలంలో దొరకాలిగా! నాట్ల రోజుల్లో కందుకూరు, మర్లపాడు పొలాల్లో దమ్ము చేసిన ట్రాక్టరు తారు రోడ్డెక్కితే చక్రాలకు పట్టిన బురద ముద్దలు ముద్దలుగా రాలుతూ వస్తుంది. చినుకు పడితే అదంతా పలచగా పరుచుకుని, రోడ్డు రంగులోనే కలిసిపోతుంది. సత్తుపల్లి దగ్గరికొస్తే సింగరేణి ఓపెన్‌కాస్టుల బొగ్గు పొడి. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి రైలు మార్గం వచ్చి బొగ్గు లారీల ఒత్తిడి తగ్గినా, మసి పూర్తిగా వదల్లేదు. ఇక పామాయిల్. గెలల దిగుబడి బాగా ఉండేది వానాకాలంలోనే. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్ల నుంచి పండిన కాయలు రాలి చక్రాల కింద నలుగుతాయి. నూనె సంగతి వేరే చెప్పాలా? ఎండాకాలమంతా రోడ్డు తాగిన నూనె, రబ్బరు పొడి తొలి వానకు పైకి తేలతాయి. అందుకే జోరువాన కన్నా మొదటి పది, పదిహేను నిమిషాల తుంపరలోనే బండి ఎక్కువ జారుతుంది.

బురద మీద పట్టు 30 శాతం అనుకుంటే పద్దు 234 కిలోలకు పడిపోతుంది. అప్పుడు నాలుగో గేరు 280 కూడా ఎక్కువే. టర్బో అందుకోని రెండో గేరు 295 కూడా ఎక్కువే. అక్కడ గేరు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. కాలు తేలిక చేయడమే మార్గం.

కారులో ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, పనిచేస్తాయి. చక్రం జారడం మొదలయ్యాక ఇంజిన్ బలం తగ్గిస్తాయి, అవసరమైతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తాయి. అయితే 350ని 450 చేయడం వాటి వల్ల కాదు. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ మిణుకుమందంటే అప్పటికే పద్దు దాటేశామని లెక్క. వానలో ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయొద్దు, స్పోర్ట్ మోడ్ పెట్టొద్దు. ఆ మోడ్‌లో యాక్సిలరేటర్ కొంచెం తొక్కినా ఇంజిన్ ఎక్కువగా స్పందిస్తుంది, ఆటోమేటిక్ అయితే గేరు కిందికే పట్టి ఉంచుతుంది. మనకు కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒక గేరు పైన, తక్కువ ఆర్పీఎం, మెల్లగా పెంచే కాలు. 2019 నుంచి అమ్ముతున్న 992 తరం పోర్షా 911లో వెట్ మోడ్ అని విడిగా పెట్టారు. ముందు చక్రాల గూళ్లలో ఉండే సెన్సర్లు చిమ్మే నీటి చప్పుడు విని, రోడ్డు తడిసిందని డ్రైవరును హెచ్చరిస్తాయి. కోటి రూపాయలు దాటిన ఆ కారులో కూడా మోడ్ మార్చాల్సింది డ్రైవరే.

రీమ్యాప్ సరదా ఉన్నవాళ్లకు ఒక అంకె. సాఫ్ట్‌వేర్ మార్చి 250ని 320 చేశారనుకోండి. నాలుగో గేరు తోపు 280 నుంచి 360కి పోతుంది. తడి రోడ్డు పద్దు 350. బతికి ఉన్న ఆ ఒక్క గేరూ పోయింది.

హైవే ఎక్కితే ఇబ్బంది మారుతుంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి సుమారు 162 కిలోమీటర్ల నాలుగు వరసల గ్రీన్‌ఫీల్డ్ రహదారి ఈ ప్రాంతం మీదుగానే. అలాంటి నున్నటి రోడ్డు మీద బురద తక్కువ, నిలిచిన నీటి పొర ఎక్కువ. 205 మిల్లీమీటర్ల వెడల్పు టైరు 3 మిల్లీమీటర్ల నీటి మీద 80 వేగంతో పోతే సెకనుకు సుమారు 14 లీటర్లు పక్కకు నెట్టాలి. సెకనున్నరకో మినరల్ వాటర్ క్యాను గుమ్మరించినట్టు, అదీ ఒక్కో ముందు టైరు. నెట్టలేకపోతే టైరు నీటి మీదికెక్కి తేలుతుంది, స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది. 1963లో నాసా పరిశోధకులు విమానాల టైర్లతో పరీక్షించి దీనికో సూత్రం ఇచ్చారు. టైరులోని గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే టైరు తేలే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 36 పీఎస్‌ఐ ఉంటే 100. 32 ఉంటే 94. చూసుకోక 25కి దిగితే 83. అరిగిన టైరు, వెడల్పాటి టైరు ఇంకా ముందే తేలతాయి. అందం కోసం 225 వేయించుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. నన్నడిగితే వానాకాలానికి 3 కన్నా తగ్గిన టైరును మార్చేయడమే మేలు. తేలినప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ తిప్పకూడదు. నేరుగా పట్టుకుని కాలు మెల్లగా తీస్తే వేగం తగ్గి టైరు మళ్లీ రోడ్డును అందుకుంటుంది. క్రూజ్ కంట్రోల్ వానలో ఆఫ్‌లోనే ఉండాలి.

బ్రేకు లెక్క తెలిసిందే, క్లుప్తంగా. 80 వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక 36 మీటర్లలో ఆగే కారు, పట్టు 40 శాతానికి పడిన రోడ్డు మీద 63 మీటర్లు తీసుకుంటుంది. చూసి కాలు బ్రేకు మీదికి చేరేలోపు పోయే 33 మీటర్లు రెండింటికీ కలపాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వాళ్లలో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనే నమోదయ్యాయి.

ఇక వాగులు. 2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడింది. అదే ఏడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. కారు బరువును నమ్ముకుని చప్టా మీదికి దించేవాళ్ల కోసం ఇంకో లెక్క. 1,300 కిలోల కారు అడుగు భాగం విస్తీర్ణం దాదాపు 7 చదరపు మీటర్లు. నీళ్లు అడుగు భాగాన్ని దాటి పైకి వచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకూ 700 కిలోల బరువును నీరే మోస్తుంది. నేలకూ కారుకూ ఎడం 18 సెంటీమీటర్లయితే, 30 సెంటీమీటర్ల నీటిలో టైర్ల మీద మిగిలేది 460 కిలోలు. 30 సెంటీమీటర్లంటే మోకాలి కిందికి ఉన్న నీరే. పక్క నుంచి ప్రవాహం తోస్తుంటే ఆ బరువు ఏ మూలకూ చాలదు.

నిలవ నీటిలోనూ టర్బోకు బాధ ఉంది. కుదించిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ చాలా కార్లలో బంపరు వెనక కిందుగా ఉంటుంది. దాని పైపుల్లో ఒక జాయింటు వదులుగా ఉంటే నీళ్లు లోపలికి పోవచ్చు. గాలి తీసుకునే గొట్టం మునిగితే ఇంజిన్లోకి నేరుగా నీళ్లే పోతాయి. గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ పైకొచ్చి ఆ నీటికి తగిలిందంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి నీటిలో కారు ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. స్టార్ట్ బటన్ ముట్టుకోకుండా తోయించి ఒడ్డుకు చేర్చాలి. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూస్తాడు. ఫిల్టర్ తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు తీసి, లోపలి నీళ్లు బయటికి తోడాకే ఇంజిన్ తిప్పాలి.