తాళం వేశాక లాగి చూశారా?

ఫైనలియర్ ప్రాజెక్టు. నలుగురం. కోడ్ దాచుకోవడానికి బయటి సైటెందుకు, మనకే సొంత సర్వర్ ఉంటే పోలా అని నాకు సరదా పుట్టింది. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి గిటోలైట్ ఎక్కించా. ఏ రిపోజిటరీని ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది అదే చూసుకుంటుంది. రాసినాయన సీతారాం చామర్తి. పేరు చూడగానే ముచ్చటేసింది. లినక్స్ కెర్నల్ కోడ్ ఉండే కెర్నల్ డాట్ ఆర్గ్‌లోనూ దీన్నే వాడారని తెలిశాక ఇంకేం, ధైర్యం వచ్చేసింది.

ఆ ధైర్యమే కొంప ముంచింది. టెస్టింగ్ లేదు, ఏమీ లేదు. అసలు ప్రాజెక్టునే తెచ్చి పెట్టేశా. రూల్స్ ఫైల్లో అందరికీ 'ఆర్‌డబ్ల్యూ ప్లస్' రాసేశా. ఆ ప్లస్ ఉంటే పాత కమిట్లను తోసేసి మరీ పుష్ చేయొచ్చు. వారం తిరక్కుండానే మావాడొకడు పుష్ కావట్లేదని ఫోర్స్ కొట్టాడు. రాత్రి పదకొండింటికి ఫోన్: "ఒరేయ్, నా లాగిన్ పేజీ ఏదిరా?" మెయిన్ బ్రాంచ్‌లో ముగ్గురి పనీ మాయం! ఇంకొకడి ల్యాప్‌టాప్‌లో ఆ రోజు తీసుకున్న కాపీ ఉండబట్టి బతికిపోయాం. తప్పు ఫోర్స్ కొట్టినవాడిది కాదు, ప్లస్ ఇచ్చిన నాది.

రెండోసారి బుద్ధిగా మొదలుపెట్టా. వర్చువల్‌బాక్స్‌లో ఖాళీ మెషీన్, ముందే ఒక స్నాప్‌షాట్. గిటోలైట్ కోసం విడిగా కొత్త యూజర్. అసలు రిపోజిటరీ జోలికి పోకుండా దాని మిర్రర్ కాపీ. రౌటర్‌లో పోర్టు తెరవలేదు. ఇక 'జూనియర్' అని ఒక ఉత్తుత్తి మనిషిని పుట్టించి, వాడికో ఎస్‌ఎస్‌హెచ్ కీ చేసి, చదివే హక్కు మాత్రం ఇచ్చా.

జూనియర్ కీతో పుష్ కొట్టా. వెళ్లిపోయింది!

గంటసేపు రూల్స్ ఫైలే చూస్తూ కూర్చున్నా. అందులో తప్పేం లేదు. చివరికి 'ఇన్ఫో' కమాండ్ కొడితే, గిటోలైట్ హలో చెప్పింది జూనియర్‌కి కాదు, నాకు! నా అడ్మిన్ కీ ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో ఉంది. జూనియర్ కీ ఇమ్మన్నా ఏజెంట్ ముందు నాదే చూపించింది. అంటే ఇంతసేపూ నన్ను నేనే టెస్ట్ చేసుకుంటున్నా. కాన్ఫిగ్‌లో 'ఐడెంటిటీస్ ఓన్లీ యెస్' పెట్టాక మళ్లీ కొట్టా. ఈసారి 'డినైడ్' అని వచ్చింది. ఎర్రర్ చూసి అంత సంబరపడింది నేనొక్కడినేనేమో.

మనం సాధారణంగా లోపలికి వెళ్లగలుగుతున్నామా అనే చూస్తాం. వెళ్లకూడనివాడు ఆగుతున్నాడా అన్నది ఎవరు చూస్తారు? దానికి గిటోలైట్‌లోనే 'యాక్సెస్' అనే కమాండ్ ఉంది. రిపోజిటరీ పేరు, యూజర్ పేరు ఇస్తే పుష్ చేయకుండానే హక్కు ఉందో లేదో చెప్పేస్తుంది. జూనియర్ తర్వాత మా నలుగురి పేర్లూ దాంతో సరిచూసి, అప్పుడు అసలు సర్వర్ మీదికి మార్చా.

మర్నాడే ఫోర్స్ వీరుడి ఫోన్.

"ఏరా, నన్ను బ్లాక్ చేశావా?"

"మెయిన్ మీద ప్లస్ ఎవరికీ లేదురా. నాక్కూడా."