కాలికి తగని బూటు, మోకాలికి తగిలే పోటు

సంచికకి ఏదైనా వ్యాసం పంపమని విద్యార్థి సంఘం వారు ఉత్తరం రాశారు. సాహిత్యం గురించి రాయటానికి నాకు అర్హత లేదు. రాజకీయాల గురించి రాస్తే వారు అచ్చు వెయ్యరు. కనుక నాకు క్షుణ్ణంగా తెలిసిన ఒకే ఒక్క విషయం మీద రాస్తున్నాను. అది నా కుడి మోకాలు.

నాది నూజెండ్ల. రైలెక్కాలంటే వినుకొండ రావలసిన ఊరు. మంచు అంటే మాకు ధనుర్మాసంలో తెల్లవారుజామున చేల మీద కనపడి ఎండ రాగానే మాయమయ్యేదే తప్ప, కాళ్ళ కింద గడ్డకట్టి నిలబడేది కాదు. అటువంటి ఊరివాణ్ణి, బతుకుతెరువు కోసం కెనడాలో టొరంటో పక్కకి చేరి, నలభై దాటాక మంచు మీద హాకీ ఆడటం మొదలుపెట్టాను. ఆఫీసులో తోటివాళ్ళు ఆదివారం రాత్రి ఆడుతుంటే చూడటానికి వెళ్ళాను. చూసినవాణ్ణి చూసినట్టు ఇంటికి రాకపోవటమే నేను చేసిన తప్పు.

ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పి అసలు సంగతికి వస్తాను. రెండువందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు ఉన్న మంచుగచ్చు. జట్టుకి అయిదుగురు, ఒక గోలీ. బంతికి బదులు నూట డెబ్బయి గ్రాముల నల్లని రబ్బరు బిళ్ళ. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవాడికి బిళ్ళని కొట్టటం కొత్తేమీ కాదు గాని, నిలబడటమే కొత్త. నాలుగు గోడల మధ్య, నియమాల ప్రకారం ఈ ఆట 1875 మార్చి 3న మాంట్రియల్‌లో మొదటిసారి ఆడారని చెబుతారు. మన దేశంలో సిమ్లాలో 1920 నుంచి మంచు స్కేటింగు ఉంది. లడఖ్ పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద ఈ హాకీ ఆడుతారు. 1989లోనే భారతదేశం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. ఇక స్కేటు కట్టటం తెలుగువాళ్ళ వల్ల కాదని ఎవరైనా అంటే, హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా పేరు చెప్పండి. చక్రాల స్కేట్ల మీద 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు తెచ్చి, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి. మొదటి స్కేట్లు కొన్నప్పుడు కొట్లో కుర్రాడు "మీ బూటు నంబరెంత?" అని అడిగాడు. ఇండియాలో నాది 8. అక్కడి లెక్కలో అది 9 అవుతుంది. 9 అన్నాను, 9 ఇచ్చాడు. తొడిగితే హాయిగా, ఇంట్లో చెప్పుల్లాగా ఉన్నాయి. అలా హాయిగా ఉండటమే తప్పని అప్పట్లో అతనూ చెప్పలేదు, నాకూ తెలియదు. స్కేటు నంబరు బూటు నంబరు కంటే ఒకటో ఒకటిన్నరో తక్కువ ఉంటుంది. నాకు కావలసింది 7½.

రెండేళ్ళు ఆడాను. మొదట చీలమండలు నొప్పి, సరే అలవాటు లేని పని అనుకున్నాను. తరవాత గజ్జల్లో పట్టేసేది. ఆ తరవాత కుడి మోకాలు. ఆడేటప్పుడు కాదు, ఆడిన మర్నాడు మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప వెనక ఎవరో చిన్న మేకు దిగేసినట్టుండేది. సినిమా హాల్లో గంటసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులూ కుంటటమే. డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముక బాగానే ఉందన్నాడు. మా ఆవిడ "వయసు చూసుకోండి" అంది. ఊళ్ళో అమ్మకి ఫోను చేస్తే నువ్వుల నూనె రాయమంది. ఆట మానెయ్యమని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నిజం చెప్పొద్దూ, మానేద్దామని నేనూ అనుకున్నాను. దేశం గాని దేశంలో వారానికి ఒక్క గంట నన్ను పేరు పెట్టి పిలిచి నవ్వించే మనుషులు ఆ ఆటలోనే ఉన్నారు. అదీ పోతుందేమోనన్న బెంగ మోకాలి నొప్పి కంటే ఎక్కువగా బాధపెట్టింది.

చివరికి, స్కేట్లు సానపట్టే ఒక ముసలాయన నా జత చేతిలోకి తీసుకుని, మోకాలి గురించి ఒక్క మాటా అడగకుండా, "తొడుక్కుని నిలబడు" అన్నాడు. తాళ్ళు కట్టుకుని లేచాను. వెనక్కి వెళ్ళి నా మడమలు చూశాడు. రెండు చీలమండలూ లోపలివైపుకి ఒరిగిపోయి ఉన్నాయట. "నీ మోకాలు బాగానే ఉంది, దాని కింద ఇల్లే వదులుగా ఉంది" అన్నాడు.

దీని భావమేమిటో వివరిస్తాను. స్కేటు కింద ఉండే ఉక్కు బద్ద మందం మూడు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఒంటి బరువంతా ఆ బద్ద మీదే. బూటు మడమని గట్టిగా పట్టుకుంటే పాదం, చీలమండ, పిక్క ఒకే నిలువులో ఉంటాయి. బూటు వదులైతే పాదం లోపల జారి చీలమండ లోపలికి ఒరుగుతుంది. చీలమండ ఒరిగితే కాలి ఎముక కూడా లోపలికి మెలిపడుతుంది. దానితోపాటు మోకాలు లోపలికి వంగుతుంది. మోకాలిచిప్ప తన గాడిలో తిన్నగా జారకుండా ఒక పక్కకి ఒరుసుకుంటుంది. బండి చక్రానికి శీల వదులైతే ఇరుసు అరుగుతుంది చూడండి, అలాగన్నమాట. పైగా ఈ ఆటంతా మోకాళ్ళు వంచి ఆడేదే. వంచినకొద్దీ చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. స్కేటింగులో కాలు వెనక్కి కాదు, పక్కకి తోస్తాం. అలా పక్కకి పోయే కాలిని మళ్ళీ లోపలికి లాగే పని గజ్జల కండరాలది. పాదం బూటులో జారుతుంటే అవి రెట్టింపు పనిచేసి అలిసిపోతాయి. నా గజ్జల నొప్పి సంగతి ఇదీ.

ఇంకో తమాషా. వదులు బూటుని బిగించాలని తాళ్ళు ప్రాణం పోయేలా లాగి కట్టేవాణ్ణి. దాంతో చీలమండ ముందువైపు నరాలు, అంటే పాదాన్ని పైకెత్తే కండరాల తాళ్ళు, నలిగి వాచేవి. దీన్ని అక్కడి ఆటగాళ్ళు 'లేస్ బైట్' అంటారు, తాడు కాటు అనుకోండి. వేళ్ళేమో బూటుని పట్టుకుందామని ముడుచుకునేవి. ఒక్క నంబరు తప్పుకి ఇన్ని శిక్షలు.

అయితే చిన్న నంబరు కొంటే సరిపోయిందా అంటే, లేదు. 7½ తొడిగితే మడమ చక్కగా కూర్చుంది గాని, ముందు భాగంలో పాదం పట్టలేదు. చిటికెనవేలు మొదట్లో మంట. ఇక్కడే నూజెండ్ల వచ్చింది కథలోకి. పదిహేనేళ్ళు వచ్చేదాకా నేను బడికి తప్ప చెప్పులు తొడిగి ఎరగను. పొలం గట్ల మీదా, నాపరాళ్ళ అరుగుల మీదా ఒట్టి కాళ్ళతో తిరిగిన పాదం విసనకర్రలాగా ముందుకి విచ్చుకుంటుంది. ఇది నా ఊహ కాదు. 2009లో బెల్జియం పరిశోధకులు మన దేశంలో చెప్పులు లేకుండా నడిచేవారి పాదాలు కొలిచి, అవి చెప్పులు వేసుకునేవారి పాదాల కంటే వెడల్పుగా ఉంటాయనీ, బరువుని పాదమంతటా మేలుగా పంచుకుంటాయనీ చూపించారు. అంతకుముందే 1992లో మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ నాలుగు నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలు 2,300 మంది పాదముద్రలు పరిశీలించారు. బూట్లు వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలుంటే, వేసుకోని వారిలో 2.8 మందికే ఉన్నాయి. అంటే మన ఒట్టికాళ్ళ బాల్యం లోపమేమీ కాదు. సన్నపాటి పాదాల అచ్చు మీద తయారైన బూటు మనకి పట్టకపోతే తప్పు పాదానిది కాదు.

ముసలాయన చేసిన పని చెబుతాను. ఇది స్కేట్లకే కాదు, మీరు వేసుకునే ఏ ఆట బూటుకైనా చాలావరకు వర్తిస్తుంది. ముందు రెండు పాదాలూ నిలబెట్టి కొలిచాడు. పొడవూ, వెడల్పూ, మడమ నుంచి బొటనవేలి కీలుదాకా ఉన్న దూరమూ, మూడూ. స్కేటు తొడిగి తిన్నగా నిలబడమన్నాడు: వేళ్ళ కొసలు ముందు టోపీకి ఈకలా తగలాలి. మోకాళ్ళు వంచమన్నాడు: మడమ వెనక్కి జరిగి వేళ్ళు ఆ టోపీని వదిలెయ్యాలి. మడమ లేస్తే ఆ జత పక్కన పెట్టెయ్యటమే. తరవాత తాళ్ళు వదులుచేసి, పైనుంచి మూడో జత కన్నాల మీద పెన్సిలు అడ్డంగా పెట్టాడు. అది రెండు వైపులా కన్నాలకి ఆనితే బూటు లోతు చాలినట్టు. మధ్యలో పాదం మీదే ఆగిపోతే లోతు చాలదు, తాడు కాటు తప్పదు. ఈ పెన్సిలు పరీక్ష నాకు భలే నచ్చింది, కాణీ ఖర్చు లేదు.

నంబరు కుదిరాక, అదే నంబరులో అన్నిటికంటే వెడల్పు రకం తీశాడు. దాన్ని చిన్న పొయ్యిలాంటి పెట్టెలో కొన్ని నిమిషాలు వెచ్చచేసి, మెత్తబడ్డాక నా కాలికి తొడిగి, పావుగంట కుర్చీలోంచి లేవొద్దన్నాడు. వేడి మీద నడిస్తే ఆకారం చెడుతుందట. ఒక రోజు ఆరనివ్వమన్నాడు. చిటికెనవేలి దగ్గర ఇంకా నొక్కుతుంటే అక్కడొక్కచోటే బూటుని లోపలినుంచి పనిముట్టుతో సాగదీశాడు. మడమ బిగువు, ముందు వెసులుబాటు: మొత్తం విద్యంతా ఇంతే. తాళ్ళు కూడా వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ వంపు దగ్గర బిగుతుగా, పైన మోకాలు ముందుకి వంగేటంత సడలింపుతో కట్టమన్నాడు. బద్ద అడుగున గాడి మరీ లోతుగా సానపట్టించుకుంటే మంచుని ఎక్కువ పట్టుకుని, ఆగేటప్పుడు ఆ కుదుపు మోకాలికి కొడుతుంది. నాబోటి వాడికి కాస్త లోతు తక్కువ గాడే మేలన్నాడు.

బూటు మారగానే నొప్పి మాయమైందని రాస్తే అది మందుల కంపెనీ ప్రకటనలా ఉంటుంది. మాయం కాలేదు. చీలమండలూ గజ్జలూ నెలలో సర్దుకున్నాయి గాని, రెండేళ్ళు అలుసైన మోకాలు అంత తొందరగా వింటుందా? వ్యాయామ వైద్యం చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మోకాలి కంటే ముందు తుంటి కండరాలు చూసింది. తుంటి పక్క కండరం బలహీనమైతే అటునుంచి కూడా మోకాలు లోపలికి పడిపోతుందని చెప్పింది. ఈ రకం నొప్పికి తుంటికీ తొడకీ కలిపి చేసే వ్యాయామమే మంచి మందని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు. పక్కకి పడుకుని పై కాలు ఎత్తటం, తిన్నగా పడుకుని కాలు బిగించి ఎత్తటం, తక్కువ ఎత్తు మెట్టు నెమ్మదిగా ఎక్కి దిగటం. చూడటానికి పిల్లలాటల్లా ఉంటాయి, మూడు నెలలు వదలకుండా చేస్తేగాని ఫలితం కనిపించదు. కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. ఒంటి బరువు సంగతి కూడా చెప్పింది గాని, ఆ పేరా మా ఆవిడ చదువుతుందని వదిలేస్తున్నాను.

మోకాలి నొప్పులన్నీ బూటు వల్లేనని ఎవరూ అనుకోవద్దు. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుని చాపటం రాకపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి మడత పడిపోయినా, రాత్రి నిద్రలో కూడా సలిపినా, జ్వరంతో కలిసి వచ్చినా బూట్ల కొట్టుకి కాదు, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆ ముసలాయన నిలబెట్టి కొలుస్తుంటే నాకు మా ఊళ్ళో కిర్రు చెప్పులు కుట్టిన తాత జ్ఞాపకం వచ్చాడు. కాగితం నేలమీద పరిచి, పాదం చుట్టూ బొగ్గుతో గీత గీసేవాడు. నేను చతికిలబడితే ఒప్పుకునేవాడు కాదు. "లెగిసి నిలబడు అబ్బాయా, కూచుంటే కాలు అబద్ధం చెబుద్ది" అనేవాడు. బరువు పడితే పాదం సాగుతుందని ఆయనకి ఎవరు చెప్పారో! నంబర్లు అచ్చువేసిన అట్టపెట్టెలు వచ్చాక మనం ఆ కాగితాన్ని మరిచిపోయాం. పైగా పిల్లల బూట్లు కొనేటప్పుడు "వచ్చే ఏటికి కూడా రావాలి" అని రెండు నంబర్లు పెద్దవి కొనటం మన ఇళ్ళలో ఆచారం. మా నాన్న ముందుభాగంలో దూది కుక్కి ఇచ్చేవాడు. కబడ్డీ చాప మీద, వాలీబాలు కోర్టులో, హాకీ మైదానంలో అడుగు అడ్డంగా వేసి ఆగే మన కుర్రాళ్ళకి ఆ దూది బూటు ఏం చేస్తుందో పైన రాసినదంతా చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా అక్క కొడుకు, వాలీబాలు ఆడతాడు, "మావయ్యా, మోకాళ్ళు లాగుతున్నాయి" అన్నాడు. సాయంత్రం దాకా ఆగమన్నాను, పగలంతా తిరిగితే పాదం కాస్త ఉబ్బుతుంది కనుక. అరుగు మీద పాత దినపత్రిక పరిచి, వాణ్ణి నిలబెట్టి, చుట్టూ గీత గీశాను. వాడి బూటులో అట్ట బయటికి తీసి ఆ గీత మీద పెడితే ముందువైపు రెండు వేళ్ళ ఖాళీ, పక్కల మాత్రం పాదం అట్ట దాటి బయటికి వచ్చింది. కుడి పాదం ఎడమదాని కంటే అర సెంటీమీటరు పొడవు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నరసరావుపేట వెళ్ళాం. మూడు కొట్లలో "నంబరు చెప్పండి సార్, కాగితం ఎందుకు" అని నవ్వారు. నాలుగో కొట్లో ముందు వెడల్పున్న జత దొరికింది. కుడి కాలికి సరిపోయేది కొని, ఎడమదానిలో పలచని అట్ట ఒకటి వేశాం.