గడ్డి పరిమళము, గుండె ఔషధము

కోసిన గడ్డి ఎండునపుడు వీచు కమ్మని వాసనకు ముఖ్యకారణము కౌమరిన్ అను పదార్థము. 1868లో ఇంగ్లండున విలియం పెర్కిన్ దానిని ప్రయోగశాలలోనే తయారుచేసెను. పిదప అది అత్తరులలో చేరెను.

స్వీట్ క్లోవర్ అను పశుగ్రాసమునందును కౌమరిన్ కలదు. 1920 దశకమున కెనడాలోను, అమెరికా ఉత్తరభాగమునను, బూజుపట్టిన ఆ గ్రాసమును మేసిన పశువులు రక్తము గడ్డకట్టక మరణింపసాగెను. 1933లో ఒక రైతు గడ్డకట్టని రక్తమును పాలడబ్బాలో పట్టుకొని, మంచుతుపానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అచట కార్ల్ లింక్ బృందము ఆరేండ్లు శ్రమించి, బూజుపట్టినపుడు కౌమరిన్ డైకౌమరాల్‌గా మారి రక్తమును గడ్డకట్టనీయదని తేల్చెను.

ఆ కుటుంబములోని వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా వెలసి, 1954లో మనుష్యులకు ఔషధమయ్యెను. రక్తనాళములలో గడ్డలేర్పడు రోగులకు వైద్యులు నేడును దానిని మితముగా ఇచ్చుచున్నారు. పశువులను చంపిన గుణమే, మోతాదు మీరనిచో, ప్రాణరక్షణ చేయుచున్నది.