చేపకూ ఒక పదునుంటుంది

జపాన్ భోజనం అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పచ్చి చేప. ఉప్పూ కారం లేవు, పులుసు లేదు, పొయ్యి ఊసే లేదు. సముద్రంలోంచి తీసి కోసి పెట్టడానికి అంత ధర ఎందుకన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి అందరూ చెప్పే జవాబే సరిగ్గా లేదు. తాజాదనం కోసం అంటారు. కానీ తమ రేవులో దిగిన చేపనే వడ్డించే అక్కడి పాతకాలపు భోజనశాలల్లో వంటవాడు కాచుకుని కూర్చునేది తాజాదనం కోసం కాదు, పదును కోసం. వాన వెలిసిన మరుక్షణం ఎవరూ అరక కట్టరు, నేల ఎండి బిగుసుకున్నాకా కట్టరు. చేపకూ అలాంటి అదును ఒకటుంది. రేవు పక్కనే ఉండడం వల్ల వంటవాడికి దక్కే అసలు లాభం చేప త్వరగా చేతికి రావడం కాదు, ఆ అదును ఎప్పుడో తానే తేల్చుకోగలగడం.

హోన్షూ ద్వీపానికి జపాన్ సముద్రం వైపున ఉన్న తొయామా ఖాతాన్నే చూడండి. వెనక మూడు వేల మీటర్ల తతెయామా కొండలు, ముందు వెయ్యి మీటర్లకు పైబడిన లోతు. ఒడ్డు దాటిన కాస్త దూరానికే సముద్రపు నేల నిటారుగా దిగిపోతుంది గనుక లోతునీటి జీవాలు కూడా ఊరి గుమ్మం దాకా వస్తాయి. ఇక్కడి జాలర్లు చాలావరకు చేపల వెంట పడరు. వలలను ఒకచోట నిలిపి ఉంచి, దారిన పోయే చేప తనంతట తాను లోపలికి వచ్చేదాకా ఆగుతారు. ఈ పద్ధతికి ఇక్కడ దాదాపు 400 ఏళ్ళ చరిత్ర ఉంది. చలికాలం మొదట్లో వినిపించే ఉరుముకు వాళ్ళు పెట్టుకున్న పేరు బురి-ఒకొషి, అంటే బురి చేపను నిద్రలేపే ఉరుము. ఆ ఉరుముల తర్వాత హిమి రేవులో దిగే బురి కొవ్వు పట్టి ఉంటుంది. దాని పేరు కూడా ఒక్కటి కాదు. చిన్నప్పుడు కొజుకురా, తర్వాత ఫుకురగి, ఇంకాస్త ఎదిగితే గాందో, నిండుగా పెరిగాకే బురి. సముద్రంలో ఇలసగా ఉన్నది గోదావరికి ఎదురీదితే పులస అవుతుందని తెలిసిన వాళ్ళకు ఇదేం వింత కాదు. రెండు చోట్లా పేరు చెప్పేది జాతిని కాదు, పదునునే.

ఆ పదును కోసం పని పడవ మీదే మొదలవుతుంది. హిమి బురిని వలలోంచి తీయగానే మంచు కలిపిన సముద్రపు నీళ్ళలో ముంచేస్తారు. మేలురకం చేపలకు ఇంకా జాగ్రత్తైన పద్ధతి ఇకెజిమె. తలలో మొనదేలిన ఊచ దించి మెదడును ఒక్క దెబ్బతో ఆపేస్తారు, మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిస్తారు, వెన్నెముకలోకి సన్నని తీగ దూర్చి వెన్నుపామును చెరిపేస్తారు. వినడానికి క్రూరంగానే ఉంటుంది. అయితే గాలాడక గంటసేపు కొట్టుకుని చావడం కంటే చేపకు ఇదే నయం, తినేవాడికీ ఇదే నయం. కొట్టుకుని చచ్చిన చేప కండలో శక్తినిచ్చే ఏటీపీ అయిపోతుంది. కొట్టుకోకుండా పోయిన చేపలో అది మిగిలి, గంటల తరబడి నెమ్మదిగా విరుగుతూ ఇనోసినేట్‌గా మారుతుంది. నాలుకకు రుచి తెలిసేది దానివల్లే. అందుకే అప్పుడే కోసిన చేప పంటికి గట్టిగా తగులుతుందే తప్ప రుచి అంతగా ఉండదు. మరీ ఆలస్యమైతే ఆ ఇనోసినేటూ విరిగిపోయి నీచు మొదలవుతుంది. ఈ రెంటి మధ్య గడువు ఒక్కో చేపకు ఒక్కోలా ఉంటుంది.

తొయామా వంటవాళ్ళు ఆ గడువును తమ చేతిలోకి తెచ్చుకున్న తీరు కొంబుజిమెలో కనిపిస్తుంది. కొంబు అంటే వెడల్పాటి, దళసరి సముద్రపు నాచు, ఎండబెట్టింది. తెల్లకండ చేపను పలచగా కోసి, కొద్దిగా ఉప్పు రాసి, రెండు కొంబు పట్టీల మధ్య పేర్చి, బిగించి చుట్టి కొన్ని గంటలో ఒక రాత్రో వదిలేస్తారు. చేపలోని నీటిని కొంబు పీల్చుకుంటుంది, తన సారాన్ని చేపకిస్తుంది. విప్పేసరికి తెల్లటి ముక్క లేత తేనెరంగు తిరిగి, వెలుతురుకు పట్టుకుంటే వేలి నీడ కనిపించేలా, కత్తికి కాస్త అంటుకునేలా ఉంటుంది. కొంబు రుచికి మూలం గ్లుటమేట్ అని కికునయె ఇకెదా 1908లో తేల్చారు. ఎండు చేపలోని ఇనోసినేట్ సంగతి 1913లో షింతారో కొదామా చెప్పారు. ఈ రెండూ కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుందని శాస్త్రం ఆ తర్వాత ఎప్పుడో తేల్చింది. అప్పటికే తొయామా వంటిళ్ళలో ఆ కలయిక జరుగుతూనే ఉంది. అన్నట్టు ఆ కొంబు తొయామాది కాదు. హొక్కైదో నుంచి కితమయెబునె అనే సరుకు ఓడల్లో వచ్చి ఇక్కడ స్థిరపడింది. అంతా స్థానికమే అని గొప్పలు పోయేవాళ్ళకు ఇదొక చిన్న చురక.

పచ్చిది అన్న మాట ఎంత నమ్మదగ్గదో మిణుగురు స్క్విడ్‌ను చూస్తే తెలుస్తుంది. హొతారు ఇకా అనే ఈ వేలెడంత జీవి మార్చి నుంచి మే దాకా రాత్రుళ్ళు నీలంగా వెలుగుతూ తీరానికి వస్తుంది. అవి గుమిగూడే సముద్ర భాగాన్ని 1952లో ప్రత్యేక ప్రకృతి సంపదగా ప్రకటించారు. రక్షణ నీటికి, పళ్ళెంలోకి స్క్విడ్! సాధారణంగా దాన్ని ఉడికించి, గట్టిగా ఉండే కళ్ళనూ నోటి ముక్కునూ చిన్న పటకారుతో ఒక్కొక్కటిగా పీకి, పులుపు కలిపిన మిసో అనే సోయా ముద్దతో పెడతారు. పచ్చిగా పెట్టాలంటే లోపలి పురుగుల భయం ఉంది కాబట్టి మైనస్ 30 డిగ్రీల్లో కనీసం 4 రోజులు గడ్డకట్టించాలి. షిరో ఎబి అనే తెల్లరొయ్య కథ మరోరకం. చిటికెనవేలంత ఉండే ఆ రొయ్యను అలాగే వలిస్తే కండ చితికిపోతుంది. ఒకసారి గడ్డకట్టించి కరిగిస్తే పెంకు సులువుగా వదులుతుంది. ఖాతం ఒడ్డునే కూర్చుని తినే మనిషి ముందుకు వచ్చే రొయ్య కూడా మంచుపెట్టెలోంచే వస్తుందన్నమాట. అందులో మోసమేమీ లేదు.

గంటలు లెక్కపెట్టడమే విద్య అయితే టోక్యోలో కూర్చునీ లెక్కపెట్టవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. 2018లో త్సుకిజి నుంచి తొయోసుకు మారిన టోక్యో చేపల బజారుకు దేశం నలుమూలల సరుకూ వస్తుంది. హిమి బురి కూడా వెళుతుంది. పెద్ద చేపల విషయంలో ఈ వాదన ఒప్పుకోవలసిందే. ఇకెజిమె చేసిన చేప ప్రయాణానికి బాగానే తట్టుకుంటుంది. కానీ నిలిపిన వలలో పడేవన్నీ దూరం వెళ్ళే సరుకు కాదు. గెంగె అని జిగురుగా, జారిపోతూ ఉండే ఒక లోతునీటి చేప ఉంది. కింది రకంలో కింది రకం అన్న అర్థంతో దానికా పేరు వచ్చిందంటారు. ఒకప్పుడు పారేసేవారు. త్వరగా పాడవుతుంది కాబట్టి బయటి ఊళ్ళకు అంతగా పోదు. రేవు పక్క వంటగదిలో మాత్రం అది చారవుతుంది, పైన పిండి కరకరలాడుతూ లోపల వెన్నలా జారే తెంపురా అవుతుంది. ఇప్పుడు ఆ పేరునే మాయచేప అన్న అర్థం వచ్చే అక్షరాలతో రాస్తున్నారు. రేవు పక్కన తినడానికి నాకు కనిపించే గట్టి కారణం బురి కాదు, ఇదే.

ఇంకో ఫిర్యాదు ఒమకాసె మీద. అంటే అంతా మీకే వదిలేశాం అని వంటవాడికి అప్పగించడం. డబ్బిచ్చేది మేము, ఎంచేది అతనా అని చిరాకు పడేవాళ్ళున్నారు. వలలో ఏం పడుతుందో తెల్లవారేదాకా తెలియనప్పుడు అచ్చేసిన జాబితాకు అర్థం లేదు, అంతవరకు వంటవాడిదే న్యాయం. కానీ పలక మీద చేప పేరు ఎదురుగా అంకె రాయకుండా జికా, అంటే ఆనాటి ధర, అని మాత్రమే రాసే అలవాటుకు సముద్రం బాధ్యత లేదు. ఆ ధర అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. శాకాహారులైతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కూరగాయలే కనిపించే గిన్నెలోనూ ఎండు చేపతో కాచిన దాషి అనే రసం ఉండే అవకాశం ఎక్కువ.

వీటన్నిటికంటే బరువైన ప్రశ్న ఈ విద్య ఎన్నాళ్ళుంటుందన్నది. జపాన్‌లో మనిషికి ఏడాదికి అందే చేప 2001లో 40.2 కిలోలతో శిఖరానికి చేరి అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. 2011 ప్రాంతంలో మాంసం దాన్ని దాటేసింది. 1984లో కోటీ 28 లక్షల టన్నులున్న దేశపు మత్స్య ఉత్పత్తి ఇప్పుడు 40 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. 2024 జనవరి 1న పొరుగునున్న నోటో ద్వీపకల్పంలో వచ్చిన భూకంపానికి తొయామా ఖాతం అడుగున నేల జారిపడింది, ఆ ఏడు తెల్లరొయ్య బాగా తగ్గింది. నీళ్ళు వెచ్చబడుతున్న కొద్దీ బురి ఉత్తరాన హొక్కైదోలో విరివిగా పడుతోంది. అక్కడివాళ్ళకు సాల్మన్‌తో ఏం చేయాలో తరతరాలుగా తెలుసు, బురి అలవాటు లేదు. అందుకే అదే చేపకు అక్కడ అంత ధర పలకదు. తొయామాలోనేమో పెళ్ళయిన మొదటి ఏడు చివర్లో అమ్మాయి పుట్టింటివాళ్ళు అల్లుడింటికి నిండు బురి ఒకటి పంపుతారు. వియ్యాలవారు అందులో సగం కోసి వెనక్కి పంపుతారు.