పార్శ్వదృష్టిలో దృశ్యసమ్మర్దం: వస్తువుల గుర్తింపుపై ప్రభావం

వ్యాససంగ్రహం:
చూపు నిలిపిన చోటుకు పక్కగా ఉన్న వస్తువు, చుట్టూ ఇతర వస్తువులు దగ్గరగా ఉంటే, కనిపించినా గుర్తుకందదు. విజువల్ క్రౌడింగ్‌గా ప్రసిద్ధమైన ఈ దృగ్విషయాన్ని దృశ్యసమ్మర్దం అనవచ్చు. దీనిని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: దృశ్యసమ్మర్దం, పార్శ్వదృష్టి, ఫోవియా, బౌమా సూత్రం, తెలుగు లిపి.

1. ప్రవేశిక:
రెటీనా నడుమనున్న ఫోవియా నుంచి అంచులకు వెళ్లేకొద్దీ చూపు తీక్షణత తగ్గుతుంది. అయితే సమ్మర్దం కేవలం మసక కాదు. పార్శ్వదృష్టిలో ఒంటరిగా ఉన్నప్పుడు చదవగలిగిన అక్షరమే, అదే చోట, అదే పరిమాణంలో ఇరుపక్కలా అక్షరాలు చేరగానే చదవరాదు. ఏదో ఉందని తెలుస్తుంది, అదేమిటో తెలియదు. మెదడు పొరుగు వస్తువుల లక్షణాలను లక్ష్యపు లక్షణాలతో కలిపివేయడమే ఇందుకు కారణమని ప్రధాన వివరణ.

2. బౌమా సూత్రం:
1970లో హెర్మన్ బౌమా దీనికి ఒక కొలత చూపాడు. చూపుకేంద్రం నుంచి లక్ష్యానికున్న కోణదూరంలో సుమారు సగం కన్నా తక్కువ ఎడంలో పొరుగు వస్తువుంటే గుర్తింపు దెబ్బతింటుంది. 10 డిగ్రీల పక్కనున్న వస్తువుకు దాదాపు 5 డిగ్రీల ఎడం కావాలి. ఎడం పెంచకుండా లక్ష్యాన్ని మాత్రమే పెద్దది చేస్తే ప్రయోజనం స్వల్పం.

3. స్థానిక అన్వయం:
కోరుట్ల, జగిత్యాలల మీదుగా సాగే 63వ జాతీయ రహదారిపై ఎదుటికి చూస్తున్న వాహనచోదకునికి 10 మీటర్ల దూరంలో ఈ 5 డిగ్రీలు దాదాపు 90 సెంటీమీటర్లు. అంతకన్నా దగ్గరగా నిలిచిన సైకిలు, బండి, మనిషి పార్శ్వదృష్టిలో కలగలిసిపోవచ్చు. సిరిసిల్ల మరమగ్గంపై పడుగుపోగుల ఎడం ఇంతకన్నా ఎంతో స్వల్పం. కాబట్టి తెగిన పోగు ఏదో తెలియాలంటే చూపు అక్కడికే మళ్లాలి. జగిత్యాల అంగడి బోర్డులపై తెలుగు అక్షరాల సంగతీ ఇంతే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే హల్లు, గుడిదీర్ఘం, రెండు ఒత్తులు ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. ‘ప’, ‘ష’, ‘ఫ’ల భేదం చిన్న గీతలోనే ఉంది. అందువల్ల పొరుగు అక్షరాలే కాక, ఒకే అక్షరంలోని భాగాలు కూడా పరస్పరం అడ్డుపడగలవు.

4. ఉపసంహారం:
మాక్యులా క్షీణతతో నడిమిచూపు కోల్పోయినవారు పార్శ్వదృష్టితోనే చదవాలి. వారికి కళ్లద్దాలు సమ్మర్దాన్ని తొలగించలేవు. మందకంటి పిల్లల్లో ఈ సమ్మర్దం నడిమిచూపులోనూ ఉంటుంది. వారికి విడి అక్షరాలు చూపి పరీక్షిస్తే చూపు ఉన్నదానికన్నా మెరుగ్గా తేలి, లోపం దాగిపోవచ్చు. అందుచేత పాఠశాలల్లో నేత్రపరీక్షకు అక్షరాల వరుసలే తగినవి.