రాత్రి నీటిలో వేట

మాడుగుల కొండలలో మాచ్‌ఖండ్ పేరుతో పుట్టి, డుడుమ జలపాతమై దూకిన నది తూర్పు కనుమల లోయలలోకి వచ్చేసరికి సీలేరు అవుతుంది. శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. సీలేరు గ్రామ సమీపాన గుంటవాడ జలాశయం ఈ నీటిని నిలిపి, 240 మెగావాట్ల ఎగువ సీలేరు విద్యుత్కేంద్రానికి అందిస్తున్నది. ఇటువంటి కొండనీటిలో బల్లెంతో చేపను వేటాడదలచినవాడు, అందునా రాత్రివేళ ఊపిరి బిగబట్టి మునిగేవాడు ఎదుర్కొనే చిక్కులేమిటో పరిశీలిద్దాం.

ఒడ్డున నిలిచి చూసేవాడిని నీరు మోసగిస్తుంది. కాంతి నీటినుండి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది కనుక చేప ఉన్నచోటికంటె పైన కనిపిస్తుంది. దానికి కిందుగా గురిపెట్టినవాడికే అది దక్కుతుంది. నీటిలో దిగినవాడికి ఉత్త కంటితో అంతా మసకే. కళ్లద్దాల వెనుక గాలిపొర ఉంటే చూపు తేటపడుతుంది గాని, చేప దాదాపు మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. తప్పించుకున్న చేపను గురించి వేటగాడు చెప్పే కొలతలో కొంత తప్పు నీటిదే.

మరి రాత్రివేళనే ఎందుకు ఎంచుకుంటారు? పగలు చురుకుగా తిరిగే చేపలు చాలావరకు చీకటిలో కదలక నిలుస్తాయి. వాలుగ, జెల్ల వంటివి మాత్రం అప్పుడే ఆహారానికి బయలుదేరుతాయి. చీకటిలో వాటికి మీసాలే దారి చూపుతాయి. వేటగాడికి టార్చి వెలుగు పడినంత మేరే లోకం. దానికి ఆవల చెట్టు మోడు ఉన్నా, తెగిన వల ఉన్నా తెలియదు.

వీటన్నిటికంటె పెద్ద అపాయం అతని రక్తంలోనే ఉంటుంది. ఊపిరి పీల్చుకోవాలనే ఆరాటం ప్రాణవాయువు తగ్గినందువలన కాక, ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువు పెరిగినందువలన కలుగుతుంది. ఎక్కువసేపు మునిగి ఉండవచ్చునని కొందరు ముందుగా గబగబా పదేపదే గాలి పీలుస్తారు. దానివలన ప్రాణవాయువు నిల్వ పెద్దగా పెరగదు. బొగ్గుపులుసు వాయువు మాత్రం వెళ్లిపోతుంది. కాపలాకుక్కను దూరంగా కట్టివేసి ఇంట్లో నిద్రించినట్లే. ఆరాటం కలగకముందే స్పృహ తప్పవచ్చు. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు కనుక మిగిలిన కొద్ది ప్రాణవాయువూ రక్తంలోకి చేరుతుంది. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ సరఫరా కుంటుపడుతుంది. అందుకే గండం గడిచిందనుకున్న చోటనే, నీటి పైభాగానికి చేరువలో, తరచు స్పృహ పోతుంది. కేక ఉండదు, పెనుగులాట ఉండదు.

ఆగ్నేయాసియాలోని బజావు జాతివారు తరతరాలుగా ఇలా మునిగి జీవించారు. పొరుగు జాతివారికంటె వారి ప్లీహం సుమారు సగం పెద్దదని 2018లో పరిశోధకులు వెల్లడించారు. ప్లీహం ముడుచుకొన్నప్పుడు అందులోని ఎర్రకణాలు రక్తంలోకి చేరి మరికొంత ప్రాణవాయువును అందిస్తాయి. మనకు దగ్గరలో, మన్నారు సింధుశాఖలో ముత్యాలకై మునిగినవారు పట్టపగలే రాతిబరువుతో దిగేవారు. పడవలో ఒకడు తాడు పట్టుకొని ఉండేవాడు. కిందివాడు తాడు లాగగానే పైకి చేదేవాడు. బల్లెం పట్టి రాత్రి ఒంటరిగా దిగినవాడికి ఆ తాడు లేదు.

సీలేరు వంటి నదిపై మరొక చిక్కు ఉంది. జలవిద్యుత్కేంద్రాలు తరచు దీపాలు పెట్టేవేళ పెరిగే గిరాకీకి యంత్రాలను తిప్పుతాయి. అప్పుడు దిగువ ఏటిలో నీరు హఠాత్తుగా పెరుగుతుంది. చీకటిలో ఆ పెరుగుదల కంటికి ఆనదు. కాలికింద రాయి తప్పినప్పుడే తెలుస్తుంది.