ఎముక చెప్పిన సాక్ష్యము

పసిబిడ్డ ఎముక పచ్చి కొమ్మవంటిది. పెద్దవారి ఎముక పుటుక్కున విరుగునంతటి దెబ్బకు అది వంగి ఊరకుండును, లేదా ఒక ప్రక్క మాత్రమే చీలును. మరీ గట్టి దెబ్బ తగిలిననే అది పూర్తిగా విరుగును. అతుకుకొనుటలోను అంతే చురుకు. ఒకటి రెండు వారములలో విరిగినచోట క్రొత్త ఎముక పుట్టుట ఎక్స్-కిరణ చిత్రములో కానవచ్చును. తరువాత అచట గట్టి బుడిపె ఏర్పడును. కొన్ని నెలలకు ఆ బుడిపె అరిగి, ఎముక మునుపటి రూపునకు వచ్చును. కనుక వైద్యుడు చిత్రమును చూచి గాయము తేదీ చెప్పలేకపోయినను, ఇది నిన్న మొన్నటిది, ఇది నెలనాటిది అని వేరుచేయగలడు.

ఒకే శిశువు దేహములో నిన్నటి విరుపు, నెలనాటి విరుపు, అంతకు ముందటి విరుపు మూడును కనిపించినవనుకొందము. “మంచముమీది నుండి పడినాడండీ” అను ఒక్క సమాధానము మూడింటికిని సరిపోవునా?

ఇంత తేలికైన ప్రశ్న వేయుటకు వైద్యలోకమునకు నూరేండ్లు పట్టినది. 1860లో పారిస్ నగరమున ఆంబ్రువాజ్ టార్డ్యూ అను న్యాయవైద్యుడు, పెద్దలచే హింసింపబడిన 32 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. ఎవరును చెవిని బెట్టలేదు. 1946లో న్యూయార్కు వైద్యుడు జాన్ కేఫీ, మెదడు పైపొరల నడుమ నెత్తురు పేరుకొనిన ఆరుగురు శిశువుల కాలుసేతులలో 23 విరుపులను చూపెను. ఇవి దెబ్బలవలన కలిగినవే అని ఆయన వ్రాసెను గాని, ఆ దెబ్బ ఎట్లు తగిలినదో తేల్చలేదు. చివరకు 1962లో అమెరికాలోని డెన్వరు నగర వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు 71 ఆసుపత్రులకు వ్రాసి సమాచారము సేకరింపగా, ఒక్క సంవత్సరములో అట్టి 302 మంది పిల్లలు తేలిరి. వారిలో 33 మంది మరణించిరి. 85 మందికి మెదడు శాశ్వతముగా చెడినది. ఆనాటికి ఎక్స్-కిరణములు కనుగొని అరువది ఏండ్లు దాటినది. కొరవడినది యంత్రము కాదు. కన్నవారే ఇట్లు చేయుదురని నమ్ముటకు మనసు ఒప్పకపోవుటయే అసలు అడ్డంకి.

అట్లని తొందరపడి నిందవేయుటయు తగదు. రికెట్స్ వ్యాధిలోను, పుట్టుకతో వచ్చు కొన్ని ఎముక జబ్బులలోను చిన్న తాకిడికే ఎముక విరుగును. మన దేశపు శిశువులలో పలువురకు నడుము దిగువన పుట్టుకతోనే నీలిమచ్చ యుండును. తెలియనివారు దానిని దెబ్బయని భ్రమపడుదురు. తేల్చవలసినది వైద్యుడు, గమనించి చెప్పవలసినది మనము. ఏలయన బిడ్డ ఆసుపత్రికి చేరుటకు చాల ముందుగనే ఇరుగుపొరుగువారును, ఉపాధ్యాయుడును చూచుచునే యుందురు. పరుగులిడు పిల్లలకు మోకాళ్లు, నొసలు కమలుట సహజమే. చెవులు, మెడ, పొట్ట, పిరుదులు ఆటలో అంతగా దెబ్బతినవు. బెత్తము, బెల్టు వదలు జంట గీతలు ఏ ఆటలోను పడవు. ఇంకను ప్రాకలేని శిశువు ఒంటిపై కమిలిన మచ్చ చిన్నదైనను వెంటనే వైద్యునికి చూపవలసినదే.

నిరాదరణకు ఎక్స్-కిరణ చిత్రము లేదు. అయినను త్రాసు కొంత చెప్పును. యుద్ధానంతరము జర్మనీలో ఎల్సీ విడోసన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు రెండు అనాథాశ్రమముల పిల్లలను తూచుచుండెను. ఇద్దరికిని ఒకే తిండి. అయినను మొదటి ఆరు నెలలలో ఒక ఆశ్రమపు పిల్లలు బరువు హెచ్చిరి. రెండవదానిలో అంతగా హెచ్చలేదు. పిమ్మట మొదటి ఆశ్రమమునకు రొట్టె, జాము, నారింజరసము అదనముగా ఇచ్చిరి. విచిత్రముగా ఇప్పుడు వారే వెనుకబడిరి! విచారింపగా, రెండవ ఆశ్రమపు పర్యవేక్షకురాలు సరిగా ఆ సమయముననే మొదటిదానికి బదిలీ అయినదని తెలిసినది. భోజన సమయమున అందరి యెదుట పిల్లలను తిట్టుట ఆమె అలవాటు. ఆమె వెంట తెచ్చుకొనిన ఎనమండుగురు ముద్దుబిడ్డలు మాత్రము చక్కగా పెరిగిరి. 1951లో ప్రకటితమైన ఈ పరిశీలనను బెత్తము పట్టు ఉపాధ్యాయులందరును చదువదగును.

2007లో భారత ప్రభుత్వము ప్రకటించిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రముల పిల్లలను ప్రశ్నించిరి. బడికి పోవువారిలో నూటికి 65 మంది బడిలో దెబ్బలు తిన్నట్లు చెప్పిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను, దాచుట నేరము. సద్బుద్ధితో తెలిపినవానికి చట్టమే రక్షణ. 1996లో బొంబాయిలో ఆరంభమైన 1098 టెలిఫోను సేవ నేడు దేశమంతట కలదు. పిల్లలు తామే పిలువవచ్చును. విద్యార్థి ఏదైన చెప్పుకొన్నప్పుడు ఉపాధ్యాయుడు అడ్డు ప్రశ్నలు వేయక వినవలెను. వాని మాటలను వాని మాటలుగానే వ్రాసి యుంచవలెను. “ఎవరికిని చెప్పను” అని మాట యీయరాదు.

ఇదంతయు దెబ్బ తగిలిన తరువాతి మాట. ముందే తప్పించు ఉపాయము ఒకటి మన ఆచారములోనే కలదు. శిశువు ఏడుపు పుట్టిన ఆరు వారముల ప్రాంతమున అత్యధికమగును. ఏ జబ్బు లేకున్నను గంటలకొలది ఏడ్చును. విసిగిన పెద్దలు బిడ్డను పట్టి ఊపివేయు ప్రమాదము ఆ రోజులలోనే ఎక్కువ. అట్లు ఊపినచో మెదడులో నెత్తురు చిమ్మును. మన బాలింత ఆ నెలలు పుట్టింట గడుపును. అమ్మమ్మ, పిన్నమ్మలు చేతులు మార్చి బిడ్డను ఎత్తుకొందురు. పట్నములో ఒంటరి కాపురమున్న దంపతులకు ఆ చేతులు లేవు. అట్టివారు సహనము తప్పుచున్నట్లు తోచినచో బిడ్డను ఉయ్యాలలో వెల్లకిల పరుండబెట్టి, కొన్ని నిమిషములు గది వెలుపలికి పోవుట మేలు. ప్రక్కింటివారు తలుపు తట్టి, “అమ్మాయీ, ఒక గంట నేను ఎత్తుకొందును, నీవు పడుకో” అనిన మరీ మేలు.